విదేశాల నుండి ఇంటికి ఫోను: ఒక పాత ఆపరేటరు మాటలు

(ధర్మసాగర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు కొంత జంకాను. పే రివిజన్ గురించి, డీఏ బకాయిల గురించి లెక్కలతో సహా చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిందల్లా టెలిఫోను ఒక్కటే. 1974లో టెలిఫోను ఆపరేటరుగా చేరి, వరంగల్ ట్రంకు బోర్డు ముందు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకొని చాలా ఏండ్లు కూర్చున్నాను. ఊళ్ళో ఎవరి ఇంట్లో చావు జరిగినా, ఎవరికి ఉద్యోగం వచ్చినా వారికంటే ముందు నాకు తెలిసేది. విన్నది బయట చెప్పకూడదన్నది మా ఉద్యోగ ధర్మం గనుక కడుపులోనే దాచుకున్నాను.

పిల్లలు పైదేశాలలో ఉన్నవారు చేతులెత్తండి అంటే ఈ సభలో చాలా చేతులే లేస్తాయి. కొందరు మూడు నెలలో, ఆరు నెలలో పిల్లల దగ్గరికి పోయి వచ్చేవారు, కొందరు అక్కడే ఉండిపోదామా అని ఆలోచిస్తున్నవారు. "అక్కడికి పోతే ఏ ఫోను తీసుకోవాలె, ఇక్కడి సిమ్ము ఏం చేయాలె, ఇంటికి ఎట్లా మాట్లాడాలె" అని నన్ను తరచు అడుగుతుంటారు. వారికి విడివిడిగా చెప్పే మాటలే ఈ రోజు అందరి ముందూ చెబుతున్నాను. అయితే ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉన్నది. అది కూడా దాచకుండా చెబుతాను.

ముందు కొంచెం పాత సంగతి. ట్రంకు కాల్ బుక్ చేసేటప్పుడు ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని రకాలుండేవి, పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వాటితో పాటు పి.పి. కాల్ అని ఒకటుండేది. పి.పి. అంటే పర్టిక్యులర్ పర్సన్, అంటే ఫలానా మనిషే మాట్లాడాలి అని. దానికి కొంత అదనపు రుసుము ఉండేది గాని, ఆ మనిషి లైనులోకి వస్తేనే పూర్తి ఛార్జీ పడేది. గంట మోగినంత మాత్రాన, ఇంకెవరో ఎత్తినంత మాత్రాన కాల్ అయినట్టు కాదు. ఆ తర్వాత ఇళ్ళల్లో ఫోన్లు మొదలైన కాలంలో శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద నెంబరు పక్కన పి.పి. అని వేసుకునేవారు. అది పక్కింటివారి ఫోనన్న మాట. "ఒక్క నిమిషం, పిలుస్తాను" అని ఆ ఇల్లాలు వంట మధ్యలో లేచిపోయి పిలుచుకొని వచ్చేది. ఆ పుణ్యాత్ములకు ఎవరూ జీతం ఇవ్వలేదు.

మన దేశంలో ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. విదేశాలకు నేరుగా డయలు చేసే ఐ.ఎస్.డి. సౌకర్యం 1976లో బొంబాయి, లండన్‌ల మధ్య వచ్చింది. మనవంటి పల్లెలకు ఆ సౌకర్యాలు చేరేసరికి చాలా కాలం పట్టింది. 1990లలో పసుపు పచ్చ బోర్డుల బూతులు వచ్చాక గాని సామాన్యుడికి ఫోను అందలేదు. రాత్రి 11 దాటితే ఎస్.టి.డి. పావు ఛార్జీ అని జనం నిద్ర మానుకొని నిలబడేవారు. అమెరికాకైతే నిమిషానికి 50 రూపాయలు దాటే ఖర్చు. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే మాట్లాడేవారి కళ్ళు వాటి మీదనే ఉండేవి. "బాగున్నవా, బాగున్నం, పెట్టేస్తున్న" అన్నదే సంభాషణ. గల్ఫ్ పోయినవారు మాటలను క్యాసెట్టులో నింపి, సెలవు మీద వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ టేపు రికార్డరు చుట్టూ కూర్చుని వినేవారు. ఆ క్యాసెట్టుకు తిరుగు జవాబు చెప్పే వీలుండేది కాదు గాని, ఎన్నిసార్లయినా వినవచ్చును. ఆ సుఖం ఈనాటి కాల్‌లో లేదు.

విదేశీ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యం 2002లో ముగిసింది. 2003లో స్కైపు వచ్చింది. 2015లో వాట్సాప్‌లో మాట, 2016లో బొమ్మతో సహా మాట వచ్చాయి. ఇప్పుడు అమెరికా నుంచి ధర్మసాగర్‌కు మాట్లాడటానికి ఇంటర్నెట్టు ఖర్చు తప్ప మరేమీ కాదు. ఆ స్కైపును కూడా 2025 మే నెలలో మూసివేశారు. ఇంకా దాని మీదనే ఆధారపడినవారు ఎవరైనా ఉంటే వేరే దారి చూసుకోవాలి.

ఇంత సులువైనప్పుడు ఇక చెప్పేదేమున్నది అని మీరనవచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను.

2019 వేసవిలో మేమిద్దరం మా అబ్బాయి దగ్గరికి, టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వెళ్ళాం. అక్కడ మన తెలుగువారు ఎక్కువ. వెళ్ళగానే అబ్బాయి నాకు అక్కడి సిమ్ము వేయించాడు. ఇక్కడి సిమ్ము తీసి కాగితంలో చుట్టి సూట్‌కేసు జేబులో పెట్టాను. నెలనెలా రీఛార్జి దండుగ అనుకున్నాను. అంతకుముందు ఒకసారి లైఫ్‌టైం అని కొనుక్కుంటే వచ్చే కాల్స్ ఊరికే వచ్చేవి. 2018 చివరి నుంచి కంపెనీలు కనీస రీఛార్జి పెట్టి, అది లేకుంటే వచ్చే కాల్స్ కూడా ఆపేయడం మొదలు పెట్టాయి. టెలిఫోన్లలో అన్నేళ్ళు పనిచేసిన నేను ఆ సంగతిని పట్టించుకోలేదు.

మా అక్క ఇక్కడే, ధర్మసాగర్‌లో ఉండేది. ఆమె దగ్గర నొక్కుడు బటన్ల చిన్న ఫోను. ప్రతి ఆదివారం ఆమె మనుమడి ఫోనులో వాట్సాప్ మీద మాట్లాడేవాణ్ణి. ఆమె నా ఆరోగ్యం అడిగిన తర్వాత చెప్పే మొదటి మాట చెరువు గురించే. గోదావరి నీళ్ళు దేవాదుల ఎత్తిపోతల నుంచి మన చెరువులోకి వచ్చినప్పటి నుంచి ఆమెకు అదొక సంబరం. "కట్ట మీదికి పోయొచ్చిన తమ్మీ, నీళ్ళు ఈడిదాంక ఉన్నయి" అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపేది. ఆమె చెప్పేది కట్ట మీది ఏ మెట్టు గురించో నాకు ఇక్కడ కూర్చున్నట్టే తెలిసేది.

ఆ ఆగస్టులో మనుమడు చదువుకని హైదరాబాదు పోయాడు. ఫోను కూడా అతనితోనే పోయింది. ఒక గురువారం తెల్లవారుజామున ఆరు గంటలకు అక్క పెరట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కేక విని పక్కింటి కోడలు పరుగెత్తుకొచ్చింది. "తమ్మునికి చెప్పు" అని అక్క తలుపు వెనక గోడ చూపించిందట. ఆ గోడ మీద ఎప్పుడో నేనే బొగ్గుతో నా నెంబరు పెద్ద అంకెలతో రాసిపెట్టాను. ఆ అమ్మాయి ఆ నెంబరుకు ఆ రోజంతా, మరునాడంతా చేస్తూనే ఉన్నది. ఆ నెంబరు కాగితంలో చుట్టబడి సూట్‌కేసులో ఉన్నది. ఇక్కడ గురువారం ఉదయం ఆరయితే అక్కడ బుధవారం రాత్రి ఏడున్నర. ఆ సమయానికి నేను భోజనాల బల్ల దగ్గర ఫోను పక్కనే పెట్టుకొని కూర్చుని ఉన్నాను.

ఇరుగుపొరుగువారు ఆమెను హన్మకొండ తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చారు. మనుమడికి ఆ రోజు సాయంత్రమే తెలిసింది. అతడు నాకు ఊరివాళ్ళు చెప్పే ఉంటారనుకున్నాడు, ఊరివాళ్ళు అతడు చెప్పి ఉంటాడనుకున్నారు. నాకు తెలిసింది ఆదివారం నాడు, యథాప్రకారం నేను వాట్సాప్ చేసినప్పుడు. అప్పటికే ఆపరేషను అయింది. ఫోను అక్క చెవి దగ్గర పెట్టారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నీ ఫోను మోగుతలేదంటే నీకేమన్న అయిందేమోనని రంది పడ్డ తమ్మీ" అన్నది. తుంటి విరిగి పడుకున్న మనిషికి నా గురించి రంది!

ఆమె ఆ తర్వాత రెండేళ్ళు బ్రతికింది, కర్ర పట్టుకొని కట్ట దాకా కూడా నడిచింది. అందుకని ఆ మూడు దినాలు నష్టమేమీ జరగలేదని కొందరు నన్ను ఓదారుస్తారు. నేను అట్లా అనుకోలేను. ఎవరెవరికో లైట్నింగు కాల్స్ కలిపిన నేను మా అక్క కాల్ కలుపుకోలేకపోయాను.

అందువల్ల మిత్రులారా, ఏ ఫోను సర్వీసు తీసుకోవాలని ఎవరైనా అడిగితే, "నెలకు ఎన్ని డాలర్లు, ఎంత డేటా" అన్న ప్రశ్నతో నేను మొదలు పెట్టను. "ఇంటి దగ్గర ఫోను ఎత్తేది ఎవరు? వారి చేతిలో ఉన్నది ఏ ఫోను? వారికి అవసరం పడితే మిమ్మల్ని పిలవగలరా?" అని అడుగుతాను. మనం అటునుంచి చేసే కాల్ గురించి అందరూ ఆలోచిస్తారు. ఇటునుంచి రావలసిన కాల్ గురించి ఎవరూ ఆలోచించరు. ఇంటి దగ్గరున్న అమ్మకు స్మార్టుఫోను వాడటం రాకపోతే, ఎంత మంచి ప్లాను కొన్నా అది సగం ఫోనే.

ఇక చేయవలసిన పనులు చెబుతాను. మొదటిది ఇక్కడి సిమ్ము. దాన్ని ఎట్టి పరిస్థితిలోను చావనివ్వవద్దు. మన పెన్షను పడే బ్యాంకు, ఆధార్, జీవన ప్రమాణ పత్రం, అన్నీ ఆ నెంబరుకే ఓటీపీలు పంపుతాయి. నెంబరు పోయిందంటే వేల మైళ్ళ దూరంలో కూర్చుని బ్యాంకు పని ఒక్కటీ చేయలేరు. 90 రోజులపాటు ఎటువంటి వాడకమూ లేకుంటే ప్రీపెయిడ్ నెంబరును కంపెనీ తీసివేయవచ్చు, ఆ తర్వాత దాన్ని ఇంకెవరికో ఇస్తారు. అప్పుడు మీ ఓటీపీ ఎవరి ఫోనులో మోగుతుందో ఆలోచించండి. పోస్ట్‌పెయిడ్ అయితే ప్రీపెయిడ్‌కు మార్చుకొని, ఏడాదికి సరిపడే రీఛార్జి వేయించుకొని వెళ్ళండి. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధనలు మార్చి, డేటా లేకుండా మాట, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాకులు కూడా కంపెనీలు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని చెప్పింది. దుకాణంలో అబ్బాయి చెప్పడు, మీరే అడగాలి.

విమానం ఎక్కే ముందే ఇంటర్నేషనల్ రోమింగు తెరిపించండి. అక్కడికి పోయాక తెరిపించడం తలనొప్పి, ఎందుకంటే దానికి కూడా ఓటీపీ ఇక్కడి నెంబరుకే వస్తుంది. రోమింగులో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా రుసుము ఉండదు, అయినా మీ కంపెనీని అడిగి రూఢి చేసుకోండి. డేటా రోమింగు మాత్రం ఫోను సెట్టింగులలో తప్పక ఆపివేయండి. లేకుంటే మనం నిద్రపోతున్నా ఫోను నిద్రపోదు, బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు నేను పోయినప్పుడు చేసేదేమిటంటే, రెండు సిమ్ముల ఫోనులో ఇక్కడిది ఒకటి, అక్కడిది ఒకటి ఉంచుకుంటాను. ఇక్కడి నెంబరుకు ఊరి నుంచి కాల్ వస్తే ఎత్తను. ఎత్తితే రోమింగు ఛార్జీ పడుతుంది. ఎవరు చేశారో చూసుకొని వెంటనే అక్కడి ఫోను నుంచి తిరిగి చేస్తాను. మిస్డ్ కాల్ విద్య మనవారికి కొత్తగా నేర్పనక్కరలేదు గదా!

రెండవది అక్కడి ఫోను. మన పాత చిన్న ఫోన్లు అమెరికాలో చాలావరకు పనిచేయవు. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో 3జీని మూసివేశాయి. 4జీలో మాట్లాడగల ఫోను కావాలి. 2022లో వచ్చిన ఐఫోను 14 నుంచి అక్కడ అమ్మే ఐఫోన్లలో సిమ్ము పెట్టే అర కూడా లేదు, అంతా ఈ-సిమ్మే. కాబట్టి పిల్లలు అక్కడి ఐఫోను బహుమతిగా ఇస్తే, మన సిమ్మును ఈ-సిమ్ముగా మార్పించుకున్నాకనే ఆ ఫోను మీ చేతికి పనికొస్తుంది. ఏటీ అండ్ టీ, వెరిజాన్, టి-మొబైల్ అనేవి పెద్దవి. వాటి టవర్లనే అద్దెకు తీసుకొని తక్కువ ధరకు ఇచ్చే చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. ఆరు నెలలకు పోయే మనకు చిన్నవి చాలు. అందులోనూ ఇండియాలోని మామూలు ఫోన్లకు కాల్స్ కలిపి ఇచ్చే ప్లాను ఉన్నదా అని చూడండి. అదే మా అక్క వంటి వారి చిన్న ఫోను మోగించేది. వాట్సాప్‌తో పని జరిగేవారికి అది అక్కరలేదనిపిస్తుంది గాని, ఇంట్లో వైఫై పోయిన రోజున దాని విలువ తెలుస్తుంది.

ఇంకొక చిక్కు చెబుతాను. ఈ మధ్య మోసగాళ్ళ కాల్స్ పెరిగి, తెలియని విదేశీ నెంబరు వస్తే ఎత్తవద్దని పెద్దవాళ్ళకు మనమే చెబుతున్నాం. మంచిదే, చెప్పాలి. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలని కూడా చెప్పాలి. కాని చౌక కాల్స్ ఇచ్చే కొన్ని సర్వీసులలో మన సొంత నెంబరు కాకుండా ఏదో వింత నెంబరు కనిపిస్తుంది. అమ్మ దాన్ని చూసి కోసేస్తుంది. తప్పు ఆమెది కాదు. మీ నెంబరు మీ నెంబరుగానే కనిపించే సర్వీసు తీసుకోండి. దాన్ని ఇంటి ఫోనులో పేరుతో సేవ్ చేయించి, ఒకసారి మోగించి, "ఇట్లా కనిపిస్తే నేనే" అని చూపించండి.

నెంబర్లను ఫోనులో దాచుకునే పద్ధతి కూడా మార్చుకోవాలి. అన్ని నెంబర్ల ముందు ప్లస్ గుర్తు, 91 చేర్చి పెట్టుకోండి. మొబైలయితే ఆ తర్వాత పది అంకెలు. వరంగల్ లాండ్‌లైనుకు ఇక్కడ 0870 అంటాం, బయటి నుంచి ఆ సున్నా తీసేసి 870 అనాలి. ప్లస్ లేని పాత ఫోనయితే అమెరికా నుంచి 011, గల్ఫ్ నుంచి 00 నొక్కి తర్వాత 91 నొక్కాలి. మా మిత్రులొకరు 011 బదులు పొరపాటున 911 నొక్కారు. అది అక్కడి పోలీసు, అంబులెన్సుల నెంబరు. ఆయన భయపడి కోసేశారు. అట్లా కోస్తే ఆపదలో ఉన్నారేమోనని వాళ్ళు మళ్ళీ చేస్తారు, ఇంటికి కూడా వస్తారు. కోయకుండా "పొరపాటున చేశాను" అని చెబితే సరిపోతుంది.

గల్ఫ్ సంగతి వేరు. దుబాయి, అబుదాబి ఉన్న యు.ఏ.ఈ.లో వాట్సాప్‌లో రాసుకోవచ్చును గాని మాట కలవదు. బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌ల ద్వారానే మాట్లాడాలి. సౌదీలో ఇంటర్నెట్టు కాల్స్ మీద నిషేధాన్ని 2017లో సడలించారు. దుబాయిలో వీపీఎన్ పెట్టుకొని మాట్లాడుదామని తోటివారు చెబితే పిల్లలు వినకూడదు. దాన్ని దుర్వినియోగం చేస్తే అక్కడి చట్టం ప్రకారం లక్షల దిర్హముల జరిమానా. రెండు వందల గజాల పొలం అమ్మి పోయిన పిల్లవాడు ఆ జరిమానా ఎట్లా కడతాడు? అక్కడున్నవాడు ఏ యాప్ వాడతాడో అదే యాప్ ఇంటి ఫోనులో వేయించి పంపడం తల్లిదండ్రుల పని.

వేళ విషయంలో కూడా శ్రద్ధ కావాలి. మనకు రాత్రి 9 అయితే దుబాయిలో 7.30, సౌదీ, కువైట్, ఖతర్‌లలో 6.30. మనకు ఉదయం 7 అయితే న్యూజెర్సీలో ముందు రోజు రాత్రి 9.30, టెక్సాస్‌లో 8.30. అమెరికావారు నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండవ ఆదివారం దాకా గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు మన ఏడు గంటలకు న్యూజెర్సీలో 8.30, టెక్సాస్‌లో 7.30. నవంబరులో "వీడు ఇంత ఆలస్యంగా చేస్తున్నాడేమిటి" అని అమ్మలు బాధపడుతుంటారు. వాడు ఆలస్యం చేయలేదు, అక్కడి గడియారమే మారింది.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమని నేను భావించేది. ఇంటి దగ్గర ఒక నడుమ మనిషిని పెట్టుకోండి. వెనకటి పి.పి. నెంబరు వంటిదే. ఆ మనిషి మీ వీధిలోనే ఉండాలి, మామూలు ఫోనూ వాట్సాప్ రెండూ ఉండాలి, మీ విదేశీ నెంబరు తెలిసి ఉండాలి. పక్కింటివారి చిన్న ఫోనుకు ఐ.ఎస్.డి. ఉండకపోవచ్చు, ఉన్నా బ్యాలెన్సు ఉండకపోవచ్చు. వారు ఆ మనిషికి చెబితే చాలు, ఆ మనిషి మీకు కలుపుతాడు. "ఎవరో ఒకరు చెప్పి ఉంటారు" అన్న మాటకు అవకాశం లేకుండా, చెప్పవలసినవారు ఫలానా అని పేరు పెట్టి అందరికీ తెలియజేయండి. 2019 తర్వాత మేము ఆ పక్కింటి కోడలికే ఒక స్మార్టుఫోను కొనిచ్చాం. అక్క పోయిన రాత్రి నాకు కబురు చేసింది ఆ అమ్మాయే. అప్పుడు నేను హన్మకొండలోనే ఉన్నాను, అరగంటలో వచ్చాను. అక్క ఇంటి తలుపు వెనక బొగ్గు రాతల కింద ఆ అమ్మాయి నెంబరు కూడా రాసి ఉన్నది. సున్నాలు వేసేటప్పుడు ఆ ఒక్క గోడ వదిలిపెట్టమని చెప్పాను.

సమయం మించినట్టున్నది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఫోన్లు తెచ్చినవారు భోజనాల తర్వాత ఆ వేపచెట్టు కిందికి రండి. నెంబర్లకు ప్లస్ 91 చేర్చి పెడతాను. వచ్చే నెలలో ప్రయాణమున్నవారు ముందు రండి. సెలవు.